సూట్ ధర తగ్గేదాకా ఆగాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఓడ ప్రయాణాల గురించినవే, వాటిలోనూ ఎక్కువ భాగం సూట్ గదుల, అంటే ఓడలోని పెద్ద, ఖరీదయిన గదుల, ధరల గురించినవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడవుగా ఉంటుంది, ఎందుకంటే మిగతావాటికి కావలసిన మూలవిషయం అందులోనే ఉంది.

ప్రశ్న: మావారికి వచ్చే ఏడాది, అంటే 2027 జూలైలో డెబ్బై నిండుతాయి. భీమరథ శాంతి ఇక్కడే జరిపించుకుని, తరువాత సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి, అందరం కలిసి ఏడు రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణం చేయాలని అనుకుంటున్నాం. ఓడ జూలై 10న బయలుదేరుతుంది. మా ఇద్దరికీ సూట్, అబ్బాయికీ కోడలికీ నాలుగేళ్ల మనవడికీ దగ్గరలో బాల్కనీ గది తీసుకోవాలని ఉంది. జనవరిలో అబ్బాయి చూసినప్పుడు ఆ సూట్ మా ఇద్దరికీ కలిపి 9,200 డాలర్లు ఉండేది, మార్చిలో 10,400 అయింది, ఇప్పుడు 11,300 చూపిస్తోంది. ఇక్కడి ఏజెంటు "చివర్లో తగ్గిస్తారమ్మా, తొందరపడకండి" అంటున్నారు. అబ్బాయేమో "ఇప్పుడే తీసేసుకుందాం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
(విశ్రాంత ఉపాధ్యాయిని, హైదరాబాద్)

జవాబు: అబ్బాయి మాట వినండి, కానీ ఒక షరతు మీద. ఇప్పుడు తీసుకునే బుకింగ్ రద్దు చేసుకుంటే అడ్వాన్సు పూర్తిగా తిరిగి వచ్చే రకం అయి ఉండాలి. ఆ షరతు కుదిరితే ఈ వారంలోనే తీసుకోండి. కుదరకపోతే ఏం చేయాలో తరువాత చెబుతాను.

మీ ఏజెంటు చెప్పినది అబద్ధం కాదు. కిటికీ లేని లోపలి గదులకు, రద్దీ లేని నెలల్లో బయలుదేరే ఓడలకు ఆ మాట ఇప్పటికీ కొంత వర్తిస్తుంది. ఓడ ఖాళీ గదితో బయలుదేరితే ఆ గది మీద రావలసిన అద్దె మాత్రమే కాక, అందులో ఉండేవారు ఓడలో పెట్టే ఖర్చు కూడా కంపెనీకి రాకుండా పోతుంది, కనుక మిగిలిపోయిన గదులను చివరి వారాల్లో తగ్గించి అమ్ముతారు. చిక్కల్లా 'మిగిలిపోయిన' అన్న మాట దగ్గరే ఉంది. సూట్లు మిగలవు. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్ ఓడలో సుమారు 2,800 గదులుంటే, అందులో సూట్లు దాదాపు 180 మాత్రమే. అంత పెద్ద ఓడలోనే నూటికి ఆరేడు. అలాస్కా వెళ్లే ఓడలు అంతకన్నా చిన్నవి, వాటిలో రెండు మూడు డజన్ల సూట్లే ఉన్న ఓడలూ లేకపోలేదు. ఆ కొద్ది గదుల్లో మంచి చోట ఉన్నవాటిని, వెనుకటి ప్రయాణంలో ఓడలో ఉండగానే, అక్కడి బుకింగ్ కౌంటరులో వచ్చే ఏడాదికి అడ్వాన్సు కట్టి తీసుకునే పాత ప్రయాణికులు ఎప్పుడూ ఉంటారు. ఓడ షెడ్యూలు ఏడాదిన్నర, రెండేళ్ల ముందే అమ్మకానికి వస్తుంది. మీరు జనవరిలో చూసేసరికే మొదటి విడత పోయి ఉంటుంది.

ధర ఎలా పెరుగుతుందన్నది మనకు కొత్తేమీ కాదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కాకినాడ వెళ్లే ప్రైవేటు బస్సులో మొదటి పది సీట్ల ధర వేరు, ఆఖరి ఐదింటి ధర వేరు. ఓడ కంపెనీ కూడా సూట్లను విడతలు విడతలుగా ధర కట్టి అమ్ముతుంది. ఒక విడత అయిపోగానే తరువాతి ధర తెర మీదికి వస్తుంది. మీకు 9,200 నుంచి 11,300 దాకా కనిపించిన మెట్లు ఎవరో పనిగట్టుకుని మీకోసం పెంచినవి కావు, మూడుసార్లు చూసిన ఆ వ్యవధిలో కొందరు కొనుక్కుని వెళ్లారని అర్థం.

అలాస్కా విషయంలో దీనికి మరో బిగింపు ఉంది. అక్కడ ఓడల కాలం ఇంచుమించు మే నుంచి సెప్టెంబరు దాకానే. అమెరికాలో బడులకు సెలవులుండే జూన్, జూలై, ఆగస్టుల్లో అందరూ ఒక్కసారే వస్తారు. ఓడలను పెంచుకుంటూ పోదామంటే ఊళ్లు ఒప్పుకోవడం లేదు. జూనో పట్టణం రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించి రాకూడదని 2024 నుంచి కట్టడి పెట్టుకుంది. 2026 నుంచి ప్రయాణికుల పడకల లెక్కన కూడా హద్దు పెట్టుకుంది: మామూలు రోజుల్లో 16,000, శనివారాల్లో 12,000. గ్లేసియర్ బే జాతీయ వనంలోకి రోజుకు రెండు పెద్ద ప్రయాణికుల ఓడలనే అనుమతిస్తారు. ఇటు చూస్తే ప్రయాణికులు తగ్గలేదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిపోయిన ఈ వ్యాపారం కోలుకోవడానికి చాలా ఏళ్లు పడుతుందని అనుకున్నవారే ఎక్కువ. కానీ 2019లో ప్రపంచవ్యాప్తంగా 2.97 కోట్లు ఉన్న ఓడ ప్రయాణికులు 2023లో 3.17 కోట్లు, 2024లో 3.46 కోట్లు అయ్యారని ఆ కంపెనీల సంఘం లెక్క. పెరిగే జనం ఒకవైపు, పెరగని రేవులు ఒకవైపు ఉన్నప్పుడు జూలై సూట్ ధర దానంతట అది దిగివస్తుందని నేను పందెం కాయను.

ఒకసారి కాసి ఓడిపోయాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2019లో మా అమ్మానాన్నలను సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ప్రయాణానికి తీసుకువెళ్లాలని అనుకుని, సూట్ ధర తగ్గుతుందని ఏడు వారాలు ఆగాను. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఫోన్ తెరిచి చూడడం ఒక అలవాటయిపోయింది. ఒక రాత్రి 'రెండే మిగిలాయి' అని కనిపించింది. తెల్లవారి చూస్తే సూట్ల వరుసంతా బూడిద రంగులో ఉంది. చివరికి వారికి ఆరో అంతస్తులో లోపలి గది, మాకు పదో అంతస్తులో బాల్కనీ గది దొరికాయి. మోకాళ్ల నొప్పులున్న నాన్న, వేడినీళ్ల స్టీలు ఫ్లాస్కు చేత్తో పట్టుకుని, నిండుగా వచ్చి ఆగకుండా పోతున్న లిఫ్టుల ముందు నిలబడి ఉండేవారు. "పర్వాలేదులేరా, ఊళ్లో బస్టాండులో నిలబడినట్టే ఉంది" అనేవారు. ఆగినందుకు నాకు మిగిలినది రూపాయి కూడా లేదు, చివర్లో దొరికిన ఆ రెండు గదులూ కలిపి మొదట చూసిన సూట్ ధరకు దగ్గరగానే పడ్డాయి.

ఇక మీరు చేయవలసిన పని. బుకింగ్ తేదీ కన్నా ముఖ్యమైన తేదీ ఇంకొకటి ఉంది: మిగతా మొత్తం చెల్లించవలసిన గడువు. ఏడు రాత్రుల ప్రయాణానికి చాలా కంపెనీలు దీన్ని బయలుదేరడానికి 90 నుంచి 120 రోజుల ముందు పెడతాయి. జూలై 10న బయలుదేరే మీ ఓడకు అది 120 రోజులయితే మార్చి 12, 90 రోజులయితే ఏప్రిల్ 11 అవుతుంది. (మన రైల్వేలో ఇప్పుడు 60 రోజుల ముందు గానీ టికెట్ అమ్మకమే మొదలవదు. ఇక్కడ అంతకు ముందే మొత్తం డబ్బు కట్టేసి ఉండాలి. అందుకే రైలు లెక్కతో ఓడ గురించి ఆలోచించేవారు ఎప్పుడూ ఆలస్యమవుతారు.) తిరిగి వచ్చే రకం అడ్వాన్సు కట్టి ఉంటే, ఆ గడువు దాకా మీరు ఎప్పుడయినా మానుకోవచ్చు, లేదా అదే గది ధర తగ్గితే తగ్గిన ధరకు మార్పించుకోవచ్చు. గడువు దాటాక రెండూ పోతాయి. రద్దు చేస్తే కోత మెట్లు మెట్లుగా పెరిగి, చివరి వారాల్లో నూటికి నూరూ పోతుంది.

ఇందులో మీకు కలిసివచ్చే అంశం ఒకటి ఉంది. ఓడ కంపెనీలు తమ ఆఫర్లన్నిటినీ కుమ్మరించేది జనవరి నుంచి మార్చి దాకా, వ్యాపారంలో దాన్ని వేవ్ సీజన్ అంటారు. మీ గడువు మార్చిలోనో ఏప్రిల్‌లోనో పడుతుంది, అంటే ఆఫర్ల కాలమంతా, లేక దాదాపు అంతా, మీకు మానుకునే హక్కు ఉండగానే గడుస్తుంది. ఇప్పుడు గది పట్టుకుని, ఆ మూడు నెలలూ వారానికి ఒకసారి ధర చూసుకోండి. తగ్గితే ఫోన్ చేసి తగ్గించమని అడగండి, తమంతట తాముగా ఎవరూ తగ్గించరు. పెరిగితే మీ ధర మీకు ఉంటుంది. ఎదురుచూడడం తప్పు కాదు, గది చేతిలో లేకుండా ఎదురుచూడడం తప్పు.

ధర పోల్చేటప్పుడు ఒక నోటుపుస్తకంలో తేదీ, గది రకం, గది అద్దె, పన్నులు, టిప్పులు విడివిడిగా రాసుకోండి. కొన్ని వెబ్‌సైట్లు మనిషికి ఎంతో చూపిస్తాయి, కొన్ని గదికి ఎంతో చూపిస్తాయి. సగం ధరకు దొరికిందని సంబరపడి, రెండో రోజు తలపట్టుకున్నవారి ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. టిప్పులు చిన్న విషయం అనుకోకండి. రాయల్ కరీబియన్ అనే ఓడ కంపెనీ ఆ మధ్య పెంచిన లెక్క ప్రకారం సూట్‌లో ఉండేవారికి మనిషికి రోజుకు 21 డాలర్లు, మిగతా గదులవారికి 18.50. ఏడు రాత్రులకు ఇద్దరికి 294 డాలర్లు అవుతుంది. ఆఫర్ల కాలంలో 'ఉచిత పానీయాలు', 'ఓడలో ఖర్చుకు 300 డాలర్లు' వంటివి ఇస్తూ అసలు అద్దెను కాస్త పైకి జరపడం ఉంటుంది కనుక, అన్నీ కలిపి చివరికి మీ జేబులోంచి పోయేది ఎంత అన్నదొక్కటే చూడండి.

అడ్వాన్సు తిరిగి రాదని చెప్పే కంపెనీలూ ఉన్నాయి, సూట్ల విషయంలో అది మరీ ఎక్కువ. మీ సూట్ అటువంటిది అయితే, మీరు నిజంగా వెళ్లగలరని తేలేదాకా కట్టకండి. తేలవలసినది ఏమిటంటే కెనడా వీసా. సియాటిల్ నుంచి బయలుదేరి సియాటిల్‌కే తిరిగివచ్చే ఓడలు మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి, 1886 నాటి అమెరికా చట్టం ఒకటి విదేశీ జెండా ఓడలకు, అంటే విదేశాల్లో నమోదయినవాటికి, ఆ నియమం పెట్టింది. అందుకే అవి సాధారణంగా చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం భారతీయ పాస్‌పోర్టు ఉన్న మీ ఇద్దరికీ కెనడా సందర్శక వీసా కావాలి. అబ్బాయీ కోడలూ హెచ్-1బి మీద ఉంటే వారికీ కావాలి, గ్రీన్ కార్డు ఉంటే పాస్‌పోర్టుతో పాటు అది చూపిస్తే చాలు. మనవడు అక్కడే పుట్టి అమెరికా పాస్‌పోర్టు ఉంటే, మీ ఇంట్లో ఏ చింతా లేనివాడు వాడొక్కడే. మీ అమెరికా వీసా కూడా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికివచ్చేదేనా అన్నది చూసుకోండి. కెనడా దరఖాస్తు ఈ శీతకాలం మొదట్లోనే పెడితే, డబ్బు కట్టే గడువుకు ముందే సంగతి తేలుతుంది.

చివరగా, 11,300 డాలర్లు మీ అంచనాకు మించితే జూలైని పట్టుకుని వేలాడకండి. మే నెలాఖరులోనో సెప్టెంబరు మొదట్లోనో అదే ఓడలో అదే సూట్ చెప్పుకోదగినంత తక్కువకు ఉంటుంది. మనవడికి ఇంకా పెద్ద బడి లేదు. శాంతి ఎలాగూ ఇక్కడే జరుగుతుంది కనుక, ఓడ ప్రయాణం ఆ తేదీకి కట్టుబడి ఉండనవసరం లేదు.

ప్రశ్న: 'మినీ సూట్', 'జూనియర్ సూట్' అని ఉన్నవి బాల్కనీ గదికన్నా కొంచెమే ఎక్కువ ధరకు కనిపిస్తున్నాయి. అసలు సూట్ ధర దానికి రెట్టింపు ఉంది. రెండూ సూట్లే కదా, అంత తేడా ఎందుకు?
(వస్త్ర వ్యాపారి, గుంటూరు)

జవాబు: రెండూ ఒకటి కావు. తిరుమలలో గది రసీదు మీద 'సూట్' అని ఉంటే లోపల ఒక హాలూ ఒక పడకగదీ ఉంటాయని మనకు తెలుసు. ఓడలో ఆ మాటకు అంత నిలకడ లేదు. జూనియర్, మినీ అన్నవి చాలా ఓడల్లో కొంచెం పెద్ద బాల్కనీ గదులే, ఒక సోఫా ఎక్కువ, స్నానాలగది కాస్త విశాలం. అసలు సూట్‌కు మీరు కట్టే డబ్బులో గది వైశాల్యానికి పోయేది ఒక భాగమే. మిగతాది సూట్లవారికి మాత్రమే తెరిచి ఉండే భోజనశాలకు, డెక్కుకు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వరుసలో నిలబడనవసరం లేని వసతికి, కొన్నిచోట్ల బట్లరుకు. నార్వీజియన్ అనే ఓడ కంపెనీ వారు దాన్ని 'ద హేవెన్' అంటారు, ఎంఎస్‌సి వారు 'యాట్ క్లబ్' అంటారు, సెలబ్రిటీ వారు 'ద రిట్రీట్' అంటారు, క్యూనార్డ్ ఓడల్లో అయితే క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్ అని భోజనశాల పేరుతోనే గదిని పిలుస్తారు. జూనియర్ సూట్‌వారికి ఇందులో చాలామటుకు ఉండదు.

అయితే ఆ వసతుల్లో మీరు వాడుకునేవి ఎన్ని? మద్యం ముట్టని, మాంసం తినని ఇద్దరు మనుషులకు సూట్ ధరలో కలిసి వచ్చే పానీయాల విలువ సున్నా. సూట్లవారి భోజనశాలలో వంటకాల జాబితా చిన్నది, పాశ్చాత్య పద్ధతిది. పెద్ద భోజనశాలలో ముందురోజు చెప్పి ఉంచితే పప్పూ అన్నమూ కూరా వండిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి, మనవాళ్లు చివరికి అక్కడే కూర్చుంటారు. నడవలేని పెద్దవారు ఉన్నప్పుడు మాత్రం ఆ వరుసలు లేని వసతికి ఏదీ సాటిరాదు, ఆ ఒక్కదాని కోసం డబ్బు పెట్టవచ్చు అనిపిస్తుంది. మీ ఉత్తరంలో మీ ఇద్దరికీ నలభై దాటలేదని రాశారు. మంచి బాల్కనీ గది తీసుకోండి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉంటే ఊగిసలాట తక్కువగా తెలుస్తుంది. ఖరీదయిన సూట్లు చాలాసార్లు పై అంతస్తుల్లోనో ముందు వెనుక కొసల్లోనో ఉండి, సముద్రం పొంగిన రాత్రి ఎక్కువగా ఊగుతాయన్నది అమ్మేవారు చెప్పని సంగతి.

ప్రశ్న: మా విశాఖ నుంచే ఓడలు బయలుదేరుతున్నాయి కదా, వాటిలో సూట్ తీసుకోవచ్చా, సింగపూర్ వెళ్లడం మేలా? పిల్లల వేసవి సెలవుల్లో మూడు నాలుగు రాత్రులు చాలు. ఇలాంటి చిన్న ప్రయాణాలకు కూడా ఏడాది ముందే కట్టాలా?
(బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: ఏడాది అక్కరలేదు. మూడు నాలుగు రాత్రుల ఓడలు వారానికి రెండుసార్లు తిరుగుతుంటాయి, ఈ వారం లేకపోతే పై వారం ఉంటుంది, కనుక ఏడు రాత్రుల ప్రయాణాలకున్న ఒత్తిడి ఉండదు. కాకపోతే మీరు అడిగినది వేసవి సెలవులు. ఏప్రిల్, మే నెలల్లో సింగపూర్ ఓడల్లో మన దేశపు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఎక్కుతాయి, ముగ్గురు నలుగురు పట్టే గదులు ముందుగా పోతాయి. అయిదారు నెలల ముందు చూసుకుంటే సరిపోతుంది.

విశాఖ నుంచి కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ 2022లో పుదుచ్చేరి, చెన్నైల వైపు మొదలయింది, తరువాతి ఏడాది రేవులో ప్రయాణికుల ఓడల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ ప్రారంభమయింది. అయితే ఆ ఓడ ఏడాది పొడవునా విశాఖలోనే ఉండేది కాదు, కాలాన్నిబట్టి రేవులు మారుతుంటుంది. మీ సెలవుల తేదీలకు విశాఖ షెడ్యూలు ఉందో లేదో ముందు చూడండి. అది 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్ వారిది. ఆ కాలపు ఓడల్లో బాల్కనీలు అరుదు కనుక బాల్కనీ కావాలంటే దాదాపుగా సూట్ తీసుకోవలసిందే, ఆ సూట్లూ కొద్దే. వీసా లేకుండా, విమానం టికెట్లు లేకుండా ఇంటి నుంచి ఆటోలో వెళ్లి ఎక్కగలిగిన ఓడలో సూట్‌కు పెట్టే డబ్బు, సింగపూర్‌లో నలుగురికి విమానం ఖర్చుతో పోల్చి చూస్తే ఎక్కువ కాదు. తొలిసారి ఓడ ఎక్కేవారికి నేనయితే ఇదే చెబుతాను.

ఇంకొకటి. నలుగురు కదా అని ముందు ఇద్దరికి బుక్ చేసి, పిల్లలను తరువాత కలుపుదామని అనుకోకండి. గదిలో నాలుగు పడకలున్నా, ఆ భాగానికి కేటాయించిన ప్రాణరక్షక పడవలో చోటు నిండిపోతే మూడో మనిషిని చేర్చుకోరు. అందరి పేర్లూ మొదటి రోజే ఇవ్వండి.

ప్రశ్న: ఇక్కడి ఏజెంటు ద్వారా బుక్ చేస్తే టీసీఎస్ అని అదనంగా అడుగుతున్నారు. సూట్ ధరే ఎక్కువ, దాని మీద ఇదొకటా? అమెరికాలో ఉన్న మా అమ్మాయి కడితే తప్పుతుందా?
(విశ్రాంత ఇంజినీరు, రాజమహేంద్రవరం)

జవాబు: అది అదనపు పన్ను కాదు, ముందుగా వసూలు చేసి మీ పాన్ నంబరు మీద జమ చేసే మొత్తం. రిటర్ను వేసినప్పుడు మీ ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు, పన్ను లేకపోతే వాపసు అడగవచ్చు. అయితే అప్పటిదాకా డబ్బు మీ చేతిలో ఉండదు, సూట్ విషయంలో అది చిన్న మొత్తమేమీ కాదు. విదేశీ యాత్రా ప్యాకేజీల మీద 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలయింది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతం చేయాలని ప్రతిపాదించారు. మీరు అడ్వాన్సు ఒక రేటు కాలంలోనూ మిగతాది మరో రేటు కాలంలోనూ కట్టేటట్లయితే, ఏ చెల్లింపు మీద ఎంత తీసుకున్నారో రసీదులో విడిగా రాయించుకోండి. అమ్మాయి తన అమెరికా సంపాదనతో అక్కడి ఏజెంటు దగ్గర కొంటే ఇది వర్తించదు. ధర డాలర్లలోనే నిలిచి ఉంటుంది కనుక రూపాయి తగ్గితే ఆ భారం కూడా మీ మీద పడదు.

ప్రశ్న: నాకూ మా అమ్మానాన్నలకూ కలిపి రెండు బాల్కనీ గదులు పక్కపక్కన బుక్ చేశాను. మొత్తం డబ్బు కట్టాక కంపెనీ నుంచి, సూట్‌కు మారడానికి ఎంత ఇస్తారో వేలం పాడమని మెయిల్ వచ్చింది. అసలు ధరలో మూడో వంతుకే దొరుకుతుందని స్నేహితులు అంటున్నారు. అలాగయితే ముందే సూట్ కొనడం తెలివితక్కువ పని కాదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సాస్)

జవాబు: దొరికినవారు చెప్పుకుంటారు, దొరకనివారు చెప్పుకోరు. అందువల్ల స్నేహితుల లెక్క ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. చివరి నెలల్లో ఎవరయినా సూట్ రద్దు చేసుకుంటే దాన్ని ధర తగ్గించి బహిరంగంగా అమ్మడం కన్నా, కింది గదులవారి చేత వేలం పాడించి, ఆ ఖాళీ అయిన బాల్కనీ గదిని మరొకరికి అమ్ముకోవడం కంపెనీకి లాభం. చివర్లో సూట్ ధరలు తగ్గకపోవడానికి ఇది కూడా ఒక కారణం. సూట్ వస్తే బాగుంటుంది, రాకపోయినా సంతోషమే అనుకునేవారికి వేలం మంచిది. పెద్దవారి సౌకర్యం కోసం సూట్ కావలసినవారు దాని మీద ఆధారపడకూడదు.

పాడే ముందు మూడు సంగతులు చూసుకోండి. మీరు రాసే అంకె సాధారణంగా మనిషికి, గదికి కాదు: 600 అని రాస్తే ఇద్దరికీ కలిపి 1,200. గెలిస్తే కార్డు నుంచి వెంటనే పోతుంది, తరువాత వద్దన్నా తిరిగి రాదు. ఏ గది ఇస్తారో ఎంచుకునే వీలు లేదు. మీ విషయంలో అసలు చిక్కు ఈ మూడోదే. రెండు గదులకు విడివిడిగా పాడితే ఒకటి గెలిచి ఒకటి ఓడవచ్చు, అమ్మానాన్నలు ఓడ ముందు కొసన సూట్‌లోనూ మీరు వెనుక కొసన పాత గదిలోనూ ఉండవచ్చు. ఆ నడవా ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడు వందల మీటర్లకు దగ్గరగా ఉండే ఓడలున్నాయి. వారికి రాత్రిపూట మందులు ఇవ్వవలసిన పని మీదే అని రాశారు కనుక, నేనయితే ఆ మెయిల్‌కు జవాబు రాయను. దానికి బదులు కంపెనీకి ఫోన్ చేసి, రెండు గదుల మధ్య తలుపు ఉన్న జత ఏదయినా ఖాళీ అయిందేమో అడగండి, ధర తేడా లేకుండా మార్చే సందర్భాలు ఉంటాయి.